మొక్కల్ని మే నెలాఖర్లో చూడాలి

మే ఆఖరి వారంలో నర్సరీకి వెళ్తే అక్కడి కుర్రాడు నాకు మొక్క అమ్మడానికి ఇష్టపడలేదు. "ఇప్పుడేటి మొక్కలమ్మా, అన్నీ మాడిపోయున్నాయి. రెండు వానలు పడనియ్యండి, కడియం నుంచి కొత్త లోడు దిగుతాది, అప్పుడు రండి" అన్నాడు. బేరం పోతుందని తెలిసీ అలా చెప్పాడంటే మంచివాడే. నాటడం విషయంలో అతని మాట అక్షరాలా నిజం కూడా. రోహిణి కార్తెలో కవరు చించి కొత్త మొక్కని నేలలో పెడితే ఎన్ని నీళ్ళు పోసినా నిలదొక్కుకోవడం కష్టమే. కానీ నేను వెళ్ళింది కొనుక్కోవడానికి కాదు. ఏవి మాడాయో, ఏవి మాడలేదో చూడ్డానికి.

ఇంటి తోట బాగోగులు తేల్చాల్సింది జనవరిలో కాదు, మే నెలాఖర్లో. ఇదీ నా వాదన. సంక్రాంతికి ఎవరి పెరడైనా బాగానే ఉంటుంది. చామంతులు, బంతులు, డిసెంబరాలు, పిటూనియాలు, డాలియాలు... చలికాలం సగం పని తనే చేసిపెడుతుంది. అప్పుడు తీసిన ఫొటోలే వాట్సాప్ స్టేటస్సుల్లో తిరుగుతాయి. అవి చూసే మిగతావాళ్ళు కొంటారు. అదే ఇంటికి రోహిణిలో వెళ్ళి చూడండి. గోడ వారన కుండీల వరస ఉంటుంది, కుండీల్లో ఎండు పుల్లలు ఉంటాయి, తులసికోటలో మాత్రం ప్రాణం ఉంటుంది. ఆ ఇంటి తోట అంటే నిజానికి ఆ రోజున మిగిలిందే.

మన ఎండలకో ప్రత్యేకత ఉంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు ఎండకంటే ఉక్క ఎక్కువ చంపుతుంది. ఒంటిమీద చెమట ఆరదు. మధ్యమధ్యలో ఏదో ఒక సాయంత్రం ఆకాశం నల్లబడి, ఈదురుగాలీ పిడుగులూ వచ్చి ఓ గంట వాన కొట్టేసి పోతుంది. మర్నాడు మళ్ళీ అదే ఉడుకు. కాబట్టి "ఎండకి తట్టుకునే మొక్క" అని ఎవరో చెప్పినంత మాత్రాన అది మనకి పనికొస్తుందని లేదు. ఎడారి మొక్కలు కొన్ని మన ఉక్కకి మొదలు దగ్గర మెత్తబడి కుళ్ళిపోతాయి. యూట్యూబులో బెంగుళూరు వాళ్ళ బాల్కనీలు చూసి జెరేనియంలు తెచ్చుకున్నవాళ్ళని అడగండి, ఏప్రిల్ దాటాక వాటి సంగతేమయిందో చెప్తారు. మరోపక్క తడిగాలి కోరుకునే కలాడియం చలికాలమంతా నేలలో దుంపగా పడుకుని, సరిగ్గా ఈ ఉక్కలోనే చుట్టిన ఆకుతో పైకి లేస్తుంది. మన ఊరికి ఏది సరిపోతుందో మన ఊళ్ళోనే, అదీ ఈ నెలలోనే చూడాలి.

పూలు లేవనేది ఒట్టి మాట

"మల్లెలు తగ్గాక ఇంకేం పూలుంటాయి, వానలొచ్చేదాకా అంతే" అంటారు మా పక్కింటి పిన్నిగారు. ఆవిడ పొద్దున్నే పూజకి పూలు కోసే మనిషి కాబట్టి ఆవిడ మాట తీసెయ్యలేను. అయినా ఒప్పుకోను. నందివర్ధనం ఉంది, గన్నేరు ఉంది, నూరు వరహాలు ఉంది, దేవగన్నేరు ఆకులకంటే పూలే ఎక్కువగా ఉంటుంది. రాధామనోహరం సాయంత్రం తెల్లగా విచ్చుకుని, తర్వాత గులాబీ రంగుకి, ఆపైన ఎరుపుకి తిరుగుతుంది. ఒకే గుత్తిలో మూడు రంగులూ కనిపిస్తాయి. బిళ్ళగన్నేరు గురించి చెప్పనే అక్కర్లేదు, గచ్చు పగుళ్ళలోనూ పూస్తుంది. గింజ చల్లుకునే ఓపిక ఉంటే బొగడబంతి, సీతమ్మ జడకుచ్చు, జీనియా. ఈ మూడూ ఎండని లెక్కచెయ్యవు.

వీటన్నిట్లో నాకు గురి మే పువ్వు మీద. దీన్ని ఫుట్‌బాల్ లిల్లీ అని కూడా అమ్ముతారు. శీతాకాలంలో దీని ఆనవాలే ఉండదు, ఎక్కడ పాతామో మనమే మర్చిపోతాం. వైశాఖంలో ఓ పిడుగుల వాన పడిన కొన్నాళ్ళకి మట్టి చీల్చుకుని లావుపాటి కాడ ఒకటి లేస్తుంది. కాడ మొదలు దగ్గర ఎర్రటి మచ్చలుంటాయి, ఆకు ఒక్కటీ ఉండదు. మొగ్గ పొర విడిపోయాక లోపలున్న సన్న పూలు ఒక్కొక్కటే చుట్టూ జరిగి గుండ్రటి బంతి అవుతుంది. దగ్గరకెళ్ళి చూస్తే అది ఒక పువ్వు కాదు, వంద దాకా చిన్న చిన్న పూలు. ఒక్కోదాని నుంచీ ఎర్రటి కేసరాలు సూదుల్లా బయటికి పొడుచుకొచ్చి, చివర పసుపు చుక్కతో ఉంటాయి. పూత అయ్యే వేళకి ఆకులొచ్చి వానాకాలమంతా పచ్చగా ఉండి, చలికి మళ్ళీ మాయమైపోతాయి. మరి సంక్రాంతి ముందు తోట సర్దేవాళ్ళు ఏం చేస్తారు? "ఇక్కడేం లేదు, ఖాళీయే కదా" అని గునపం వేసి, ఆ దుంపని రెండు ముక్కలు చేసి, పైన చామంతి పెడతారు. జనవరి కళ్ళతో తోటని చూస్తే వచ్చే నష్టం ఏమిటో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

చంద్రకాంత గురించి కూడా ఒక మాట. దీన్నెవరూ కొనరు. ఎవరింట్లోంచో నల్లమిరియం లాంటి గింజలు నాలుగు తెచ్చి పారేస్తే చాలు, ఆపైన తనే చూసుకుంటుంది. నేలలో గడ్డ ఉంటుంది కాబట్టి పైన ఎండినా మళ్ళీ చిగురేస్తుంది. మధ్యాహ్నమంతా వేలాడబడి ఉండి, సాయంత్రం కాస్త నీడ పడేసరికి విచ్చుకుంటుంది. మనం గుమ్మంలో కూర్చునేదీ అప్పుడే కదా! మధ్యాహ్నం రెండు గంటలకి తోట అందంగా లేదని బాధపడేవాళ్ళని నేను అడిగేది అదే. ఆ వేళప్పుడు మీరు బయట ఉన్నారా?

కనకాంబరం కాయల సంగతి ఊళ్ళో పెరిగినవాళ్ళకి తెలిసే ఉంటుంది. ఎండిన కాయకి తడి తగిలితే టప్పున పేలి గింజలు చిమ్ముతుంది. చిన్నప్పుడు ఉమ్ము తడిచేసి అరచేతిలో పట్టుకునేవాళ్ళం. వేసవి వాన పడిన సాయంత్రం కనకాంబరాల మడి దగ్గర నిలబడితే ఆ చప్పుడు వినొచ్చు. మే నెలలో ఇలాంటివి ఉండగా తోట చచ్చిపోయిందంటే నేనెలా నమ్మను?

ఆకుమొక్కల లెక్క వేరు

ఇక్కడిదాకా వాదన తేలికే. ఆకుమొక్కల దగ్గరికొచ్చేసరికి నాకే అనుమానాలున్నాయి.

పిన్నిగారికి ఆకుమొక్కలంటే మొదటి నుంచీ చిన్నచూపు. "దేవుడికి పెట్టలేం, జడలో పెట్టుకోలేం, అన్నంలో కలుపుకోలేం, మరెందుకమ్మా నీళ్ళు తగలేసి పెంచడం" అంటారు. క్రోటన్లనైతే ఆఫీసు మొక్కలంటారు. కలెక్టరాఫీసు ముందు తప్ప ఇళ్ళల్లో ఉండకూడదట. ఆవిడకి నేను రథసప్తమి గుర్తుచేశాను. అరసవిల్లి ఉన్న ఊళ్ళో కూర్చుని ఆకుకి విలువ లేదంటే ఎలా? ఆ రోజు తలమీద పెట్టుకుని స్నానం చేసేది జిల్లేడాకులే. వినాయక చవితికి ఇరవై ఒక్క రకాల పత్రి కోసం ఊరంతా తిరుగుతాం. మరువం, మాచిపత్రి, దవనం పూస్తాయని పెంచుతామా? "అవి వేరు" అన్నారు ఆవిడ. ఎలా వేరో చెప్పలేదు. ఆ జిల్లేడునే చూడండి, దళసరి ఆకు, దానిమీద తెల్లటి బూడిదలాంటి పొర. రోడ్డు పక్కన ఎవరూ చుక్క నీరు పొయ్యకుండా మే నెలలోనే పూసి కూర్చుంటుంది. నర్సరీలో దొరికే చాలా ఆకుమొక్కలకి ఆ పొర లేదు, ఆ ఓర్పూ లేదు. నా అనుమానం అక్కడే మొదలవుతుంది.

ఎందుకంటే ఇప్పుడు ఫ్యాషన్ తెల్లంచు ఆకులది. మనీప్లాంటులో తెల్లది, జేడ్‌లో తెల్లది, మందారంలో కూడా తెల్ల మచ్చల ఆకుది. ఎంత తెలుపుంటే అంత ధర. ఆకులో తెల్లగా ఉన్నచోట పత్రహరితం లేనట్టే. అక్కడ ఆహారం తయారవ్వదు, పచ్చభాగం సంపాదించింది తిని బతకాలి. ఎండ దెబ్బకి మొదట కాలేదీ ఆ తెల్ల భాగమే. రోహిణిలో చూడండి, ఆకు మధ్య పచ్చగానే ఉంటుంది, అంచు చుట్టూ మాత్రం గోధుమరంగు కాగితంలా పెళపెళలాడుతుంది. కార్ల్ కోరెన్స్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1909లో మన చంద్రకాంత మొక్కలోనే ఈ మచ్చల ఆకుల గుట్టు చూపించాడు. పిల్లమొక్క ఆకు ఏ రంగులో వస్తుందనేది గింజ కాసిన కొమ్మని బట్టే ఉంటుంది, పుప్పొడి ఎక్కణ్ణుంచి వచ్చినా తేడా లేదు. పూర్తిగా తెల్లటి కొమ్మ మీద గింజ తెల్ల మొలకే ఇస్తుంది, గింజలో దాచుకున్నది అయిపోగానే అది చచ్చిపోతుంది. పెరట్లో చీపురుతో ఊడ్చేసే మొక్క మీద ఇంత పని జరిగిందని తెలిశాక నేను దాన్ని కాస్త గౌరవంగానే చూస్తున్నాను.

క్రోటన్లకి దీనికి రివర్సులో ఇంకో చిక్కు. వాటికి వెలుతురు తగ్గితే రంగు పోయి పచ్చగా మారతాయి. రంగు కోసం ఎండలో పెడితే మధ్యాహ్నానికి ఆకులు వేలాడేస్తాయి. నీళ్ళు ఒక్కపూట మర్చిపోతే కింది ఆకులు రాల్చేస్తాయి. పొద్దుటెండ తగిలి, పన్నెండు దాటాక నీడ పడే చోటు వాటికి కావాలి. అలాంటి చోటు ఎక్కడ ఉంటుంది? చెట్టు కింద. అంటే ఆకుమొక్క పెట్టుకోవాలంటే ముందు ఇంట్లో ఒక చెట్టుండాలి.

ఇది నాకు మా పెద్దమ్మ వాళ్ళింట్లో తెలిసింది. వాళ్ళది ఉద్దానంలో, కవిటి వైపు. ఆ ఇంటి వెనక కొబ్బరిచెట్ల కింద క్రోటన్లు, కనకాంబరాలు, చెట్టుకి పాకించిన మనీప్లాంటు ఉండేవి. మనీప్లాంటు మనం సీసాలో పెడితే అరచేయంత ఆకే వేస్తుంది. అదే చెట్టెక్కితే విస్తరంత ఆకు వేసి, అంచులు చీలుస్తుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఆ కొబ్బరిచెట్లన్నీ పోయాయి. కింది మొక్కలకి తుపానులో పెద్దగా ఏమీ కాలేదు. చెత్త ఎత్తాక బాగానే చిగురించాయి, చలికాలమంతా కళకళ్ళాడాయి. సంక్రాంతికి చూసినవాళ్ళు తోట కోలుకుందనే అన్నారు. వేసవి ఆఖరుకి ఒక్క క్రోటన్ కూడా మిగల్లేదు. చెట్టుతో బతుకులు పోయినవాళ్ళ ముందు క్రోటన్ గురించి మాట్లాడ్డం బాగోదని నాకూ తెలుసు. పెద్దమ్మ మాత్రం పెరట్లో నిలబడి "నీడ పోనాది" అంది. ఇప్పుడక్కడ మళ్ళీ వేసిన కొబ్బరిమొక్కల మధ్య ముందు అరటి పెట్టింది. అరటి ఎదిగాక దాని నీడలో పసుపు, కలాడియం. ఇదే సరైన వరస అని నేనంటాను. నీడ ముందు, ఆకు తర్వాత, పువ్వు ఆ పైన.

గచ్చూ కుండీలూ

చెట్టు పెట్టడానికి నేలేదీ అంటారా? సరే. కొత్తగా కట్టే ఇళ్ళల్లో గేటు నుంచి వెనక గోడ దాకా టైల్సే. కారు పెట్టుకోవాలి, ఊడ్చుకోవడం తేలిక, వానాకాలం బురద ఉండదు. ఇవన్నీ నిజమైన కారణాలే. మిగిలేది మేడమీద కుండీలు. మేడమీద నల్ల ప్లాస్టిక్ కుండీకి మే నెలలో ఏమవుతుందో ఓసారి పడమటివైపు చెయ్యిపెట్టి చూడండి. చెయ్యి ఉంచలేరు. చచ్చిన మొక్కని కుండీలోంచి బోర్లిస్తే, ఆ వైపు వేళ్ళు గోధుమరంగుకి తిరిగి దారాల్లా ఊడొస్తాయి. నీళ్ళు చాలక పోయిందనుకుంటాం, వేళ్ళు ఉడికి పోతుంది. మట్టికుండీ గోడల్లోంచి తడి ఊరి ఆరుతూ ఉంటుంది కాబట్టి కొంత నయం. ప్లాస్టిక్ తప్పనివాళ్ళు ఆ కుండీని ఇంకో పెద్ద కుండీలో దింపి మధ్యలో కొబ్బరిపీచు కూరడం చవకలో తేలే పని. కుండీలన్నీ దూరదూరంగా గోడ వారన వరసగా పెట్టడం మానేసి ఒకచోట గుంపుగా పెట్టినా తేడా ఉంటుంది. చూపుకి వరసే బాగుంటుందనుకోండి.

నర్సరీ మొక్కతో ఇంకో తంటా ఉంది. కవర్లో వచ్చే మట్టి చాలాసార్లు గట్టి ముద్ద. ఒకసారి ఆ ముద్ద ఎండిందంటే మళ్ళీ తడవదు. మనం పోసిన నీళ్ళు దాని పక్కల నుంచి జారి కుండీ కింద బయటికొచ్చేస్తాయి. పైన తడిగానే ఉంటుంది, మొక్క మాత్రం దాహంతో చస్తుంది. ఆ ముద్దని బకెట్ నీళ్ళలో బుడగలు ఆగేదాకా ముంచి తీస్తే గానీ లాభం లేదు.

దీనికి పూర్తిగా ఎదురుగా జరిగేది, మధ్యాహ్నం మందారం ఆకులు వాల్చేసిందని పరుగెత్తుకెళ్ళి చెంబుడు నీళ్ళు కుమ్మరించడం. ఎండ తీవ్రతకి ఆకు ఆవిరి చేసే వేగాన్ని వేరు అందుకోలేనప్పుడు మట్టి తడిగా ఉన్నా ఆకు వాలుతుంది. సాయంత్రం ఆరింటికి తనే లేస్తుంది. అప్పటికీ లేవకపోతే అప్పుడు టెన్షన్ పడొచ్చు.

నీళ్ళ విషయంలో నాకు మనసు ఒప్పని సంగతి ఒకటుంది. మే నెలలో బోర్లు దిగిపోతాయి, కుళాయి వచ్చే గంటలో వీధి చివర బిందెల వరస ఉంటుంది. ఆ వేళప్పుడు గేటు దగ్గర పైపు పట్టుకుని రంగు ఆకుల మీద నీళ్ళు చిమ్మడం నావల్ల కాదు. బియ్యం కడిగిన నీళ్ళు, కూరగాయలు కడిగిన నీళ్ళు మొక్క మొదట్లో పోస్తే బతికేది ఉంటే ఉంటుంది. నా వాదనకి ఇంకో కారణం కూడా ఇదే. మేలో చెంబు నీళ్ళతో గట్టెక్కని మొక్కని జనవరిలో ఎంత బాగుందని కొనాలి?

పాముల మాట కూడా ఎత్తాలి. గుబురుగా ఆకుమొక్కలు పెంచితే వానలకి పాములు చేరతాయని ఊళ్ళల్లో పెద్దవాళ్ళు భయపడతారు. చాదస్తం అని కొట్టిపారెయ్యడానికి లేదు. ఆ గుబురుల్లో కప్పలుంటాయి, కప్పల కోసం అవి వస్తాయి. గోడకి మూరెడు ఎడం ఉంచి, కింది ఆకులు కత్తిరించి నేల కనబడేలా పెడితే సగం భయం తగ్గుతుంది. మిగతా సగానికి టార్చిలైటే.

అక్క ఒప్పుకోలేదు

ఇదంతా విజయనగరంలో ఉన్న మా అక్కకి ఫోన్లో చెప్తే మొత్తం విని ఒక్క మాట అడిగింది. "రేపటికి చెరిగిపోతుందని ధనుర్మాసంలో ముగ్గు వెయ్యడం మానేస్తున్నావా?" చామంతి నాలుగు నెలలుండి పోతుందని తనకీ తెలుసట. పోయేదే అని తెలిసే పెడుతుందట. ప్రతి మొక్కా వేసవి గట్టెక్కి తీరాలనే షరతు పెడితే, పెరట్లో జిల్లేడూ బ్రహ్మజెముడూ మిగుల్తాయంది.

దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. చామంతి వద్దని నేననను. పిల్లలు బంతి గింజలు చల్లుకుని మొలకలు లెక్కపెట్టుకోవడం ఎవరికి చేదు? కాకపోతే అక్క ఆ పూలన్నిటినీ తెలిసి పెడుతోంది, పోయినప్పుడు బాధపడదు. చాలామంది అలా కాదు. ఏప్రిల్‌లో అవి ఎండిపోగానే "నా చేతిలో మొక్క బతకదు" అనేసుకుని కుండీలు పక్కింటికిచ్చేస్తారు. లోపం చేతిది కాదు, ఎంచుకున్న నెలది. అలాంటివాళ్ళు ముందు నాలుగు గట్టి మొక్కలు నేలలో పాతుకున్నాక, వాటి మధ్యలో చలికాలం పూలు ఎన్ని పెట్టుకున్నా నాకు పేచీ లేదు. ఈ సర్దుబాటుకి అక్క "చూద్దాం" అంది. మా ఇంట్లో చూద్దాం అంటే కాదనే అర్థం.

నా వరకు మృగశిర వానలకి నాటాల్సినవి తేల్చుకున్నాను. నంది వర్ధనం గోడ పక్కన, జామచెట్టు నీడలో కలాడియం దుంపలు, మే పువ్వుకి ఇంకో మూడు చోట్లు, అవి ఎక్కడున్నాయో తెలిసేలా ఒక్కోదాని పక్కన పెంకు ముక్క. మిగిలింది కాగితం పూల తీగ. నీళ్ళు తగ్గిస్తే ఇంకా ఎక్కువ పూసే మొక్క అది. మనం పువ్వనుకునే రంగు రేకులు నిజానికి ఆకులే, అసలు పువ్వు మధ్యలో తెల్లగా, సన్నగా ఉంటుంది. ఆకుమొక్కనీ పూలమొక్కనీ ఒకేసారి పెట్టుకున్నట్టు. గేటు మీదికి పాకిద్దామని నా ఆశ. మా అత్తగారు ససేమిరా అంటున్నారు. "ముళ్ళచెట్టు గుమ్మం ముందేటే? అంత ముచ్చటగా ఉంటే వెనక దొడ్డి గోడకి పాకించుకో." దొడ్డి గోడ ఉత్తరం వైపు, మేడ నీడ. ఎండ లేకపోతే అది పుయ్యదని చెప్పాను. "పుయ్యకపోతే మరీ మంచిది, ఊడ్చే పని తప్పుతుంది" అన్నారు.